పుక్ లేని వైపు

ఐస్ హాకీలో కర్రతో కొట్టే రబ్బరు బిళ్ళ, పుక్, ఒకవైపు పోతే ఓరెస్ట్ కుజిక్ తల రెండోవైపు తిరిగేది. బొటనవేలితో టోపీ అంచును కాస్త పైకి నెట్టి, అందరూ చూస్తున్న చోటును వదిలేసి, ఎవరూ చూడని చోటును చూసేవాడు. రింకులో, మంచుగడ్డ మైదానం చుట్టూ, జనమంతా లేచి నిలబడ్డా అంతే. గోల్ పడిందని అరుపులను బట్టి తెలుసుకునేవాడు. ఎవరు వేశారని పక్కవాణ్ణి అడిగేవాడు.

"గోల్ వేసినవాణ్ణి పేపరువాళ్ళు చూసుకుంటారు. కర్ర మీంచి పుక్ పోయాక వాడేం చేస్తాడో చూడ్డానికి నన్ను పెట్టుకున్నారు" అనేవాడు.

అతను గోధుమ రైతు. చలికాలం పొలం మంచు కింద ఉన్నన్నాళ్ళూ హాల్డర్ ఊరి కుర్రాళ్ళ హాకీ జట్టుకు ఆటగాళ్ళను వెతికేవాడు. నేను అదే జట్టులో స్కేట్ల బ్లేడ్లు నూరేవాణ్ణి. ఒంటరిగా పంపితే దారంతా తనతో తనే వాదించుకుంటాడని అతని భార్య లవర్న్ నన్ను తోడు పంపేది. నేను పక్కనున్నా వాదించుకునేవాడు. కారులో వేడి పెంచేవాడు, తగ్గించేవాడు, కిటికీ దించి పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఉమ్మేవాడు, మళ్ళీ ఎత్తేవాడు. రింకులో ఒక్కచోట కూర్చోగా నేను చూడలేదు. ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తూనే ఉండేవాడు.

వసంతంలో, విత్తులకు ముందు డ్రాఫ్ట్ జరుగుతుంది. పదిహేనేళ్ళ కుర్రాళ్ళ పేర్లను జట్లు వంతుల వారీగా పిలుచుకుంటాయి. ఏ జట్టు పిలిస్తే కుర్రాడు ఆ జట్టువాడు. తర్వాత ఏళ్ళ తరబడి ఆ ఊళ్ళో ఎవరింట్లోనో ఉండి ఆడాలి. ఇష్టాయిష్టాలు ఎవరూ అడగరు.

ఆ ఏడు మాకు మూడోగా పిలిచే వంతు వచ్చింది. ముందటేడు చివరాఖరున నిలిచినందుకు దక్కిన ఫలం అది. మొదటి రెండు పేర్లూ అందరికీ తెలిసినవే, అవి మాకు మిగలవు. మూడో చోటుకు ఇద్దరున్నారు. ఒకడు గోల్స్ వేసే ఫార్వర్డ్, పేరు కోల్బీ రెడెకాప్. రెండోవాడు డిఫెన్స్, జోనస్ మోరిన్, ఉత్తరాన గ్రేలింగ్ లేక్ అనే క్రీ ఆదివాసీల ఊరివాడు.

కోల్బీ ఓరెస్ట్‌కు పరాయివాడు కాడు. రోడ్డుకు అటువైపు పొలం ఏబ్ రెడెకాప్‌ది. కోల్బీ అతని మనవడు. తల్లి సిటీ ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేస్తుంటే కుర్రాడు తాత దగ్గరే పెరిగాడు. పశువుల చెరువు గడ్డకట్టగానే ఏబ్ దాని మీద మంచు ఊడ్చి, నీళ్ళు పోసి నునుపు చేసేవాడు. కుర్రాడు చీకటి పడేదాకా ఆడేవాడు.

ఏబ్, ఓరెస్ట్ కలిసి విత్తేవాళ్ళు. ఏబ్ ట్రాక్టరెక్కి గొర్రు లాగేవాడు. ఓరెస్ట్ విత్తనాల ట్రక్కుతో గట్టున కాచుకుని ఉండి, గొర్రు మీది పెట్టె ఖాళీ అయినప్పుడల్లా నింపేవాడు. ముందు ఎవరి పొలం ఆరితే ముందు అది. ఇద్దరూ పెళ్ళిళ్ళు కాకముందు నుంచి ఇంతే. ఒకడు లేకుండా రెండోవాడి పొలం విత్తగా ఆ రోడ్డు మీద ఎవరూ చూడలేదు.

ఫిబ్రవరిలో సాస్కటూన్‌లో పెద్ద పోటీలు జరిగాయి. కుర్రాళ్ళిద్దరినీ ఒకేచోట చూసే వీలు దొరికింది.

ముందు జోనస్ ఆట. పొడుగ్గా, నెమ్మదిగా కనబడతాడు గాని అవతలివాడు ఎటు రాబోతున్నాడో అక్కడ ముందే నిలబడి ఉంటాడు. ఓరెస్ట్ మెడ చాచి చూశాడు. ఆటకు మూడు భాగాలు, మొదటి భాగం సగంలో అతని ముఖం మారింది.

"చూశావా?" అన్నాడు.

"ఏంటి?"

"మూలకెళ్ళట్లేదు. మంచు చదును చేసే బండి వచ్చే గేటుందే, దాని పక్క మూల. పుక్ అందులో పడితే వీడు వెనక్కి తగ్గి గోల్ వెనకాల నిలబడుతున్నాడు. అది తిరిగొస్తే తీసుకుంటున్నాడు."

మూలకు వెళ్ళినవాడికి దెబ్బ తగులుతుంది. వెనక నుంచి వచ్చేవాడు చుట్టూ ఉన్న చెక్క గోడకేసి నొక్కేస్తాడు. డిఫెన్స్ ఆటగాడి బతుకే అది. రెండో భాగంలో జట్లు వైపులు మార్చుకున్నాయి. జోనస్ రెండు మూలలకూ వెళ్ళాడు, దెబ్బలు తిన్నాడు, పుక్ తెచ్చాడు. మూడో భాగంలో మళ్ళీ పాత వైపు. మళ్ళీ ఆ మూలకు వెళ్ళలేదు.

"ధైర్యం వస్తోంది, పోతోంది. అలాంటివాడు ముదిరితే పనికిరాడు" అన్నాడు ఓరెస్ట్.

సాయంత్రం కోల్బీ ఆట. మూడు గోల్స్ వేశాడు. మూడూ ఓరెస్ట్ చూశాడు. నాకు వింతగా తోచింది. పుక్ ఎటు పోతే అతని తల అటే పోతోంది. టోపీ అంచు మీదికి వేలు పోలేదు. ఏబ్ మా పక్కనే నిలబడి, మనవడి కర్రకు పుక్ తగిలినప్పుడల్లా తన కాలు కదుపుతున్నాడు.

మర్నాడు ఏబ్ వంటింట్లో సాసేజీ, బంగాళాదుంప కూరిన పెరోగీలు తింటూ కూర్చున్నాం. ఏబ్ ఎప్పుడూ అడగనివాడు ఆరోజు అడిగాడు. నేరుగా కాదు.

"మీ రింకులో ఓ మూల సీట్లు ఖాళీ ఉంటాయా?"

"మా ఆట చూశాక కూడా సీట్లు దొరకవేమోనని భయమా నీకు?"

"ఇరవై నిమిషాల దారి. పశువులకు గడ్డి పడేసి కూడా అందుకోవచ్చు. ప్రతి ఆటా చూడొచ్చు. అంటే, వాణ్ణి మీరు పిలిస్తే."

ఓరెస్ట్ ఫోర్కు కింద పెట్టాడు. మళ్ళీ తీశాడు. ఈ పని చేసేవాళ్ళు డ్రాఫ్ట్ కాకముందు ఏ ఇంట్లోనూ మాట ఇవ్వరు. అది అతను నాకే చాలాసార్లు చెప్పాడు.

"సీట్లు చూసుకో" అన్నాడు ఏబ్‌తో.

తిరుగుదారిలో కారు వేడి పెంచలేదు, తగ్గించలేదు. "కుర్రాడు బాగా ఆడతాడు" అన్నాడు.

"ఆడతాడు" అన్నాను.

"ఈ ఏడు నలభై గోల్స్."

"పుక్ పోయాక ఏం చేస్తున్నాడు?"

ఓరెస్ట్ కిటికీ దించాడు.

ఆ తర్వాత అతనికి తోచేది కాదు. లవర్న్ నాకు ఫోన్ చేసేది. "ఏం చేశావయ్యా మా ఆయన్ని? ఇంట్లో గదులు కొలుస్తున్నాడు. కూర్చోమంటే లేస్తాడు, లేచాక ఎందుకు లేచాడో తెలీదంటాడు. ఎటన్నా తీసుకుపో, నేల అరిగిపోతోంది."

మార్చి చివర్లో గ్రేలింగ్ లేక్‌కు పోదామన్నాడు. "ఎందుకు? వాడు పిరికివాడని తేల్చేశావుగా" అన్నాను.

"ధైర్యం గడియారం చూసుకుని వచ్చిపోతుందా? మొదటి భాగంలో లేదు, రెండులో ఉంది, మూడులో లేదు. అది నాకు మింగుడుపడట్లేదు."

పొద్దున్నే బయల్దేరాం. పొలాలు అయిపోయి స్ప్రూస్ చెట్లు మొదలయ్యాయి. తారు రోడ్డు అయిపోయి గులకరాళ్ళ రోడ్డు వచ్చింది. ఎండ కాస్తోంది. చెట్ల మీంచి మంచు జారి పడుతోంది. మేం చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

అక్కడి రింకు రేకుల షెడ్డు. లోపల బయటికన్నా చలి. ఆరోజు ఆట లేదు, ఊరి పిల్లలు స్కేట్లు కట్టుకుని తిరుగుతున్నారు. జోనస్ లేడు, తండ్రితో వలలు తీయడానికి గడ్డకట్టిన సరస్సు మీదికి పోయాడట. ఓరెస్ట్ అలవాటు ప్రకారం నడవడం మొదలుపెట్టాడు. గేటు పక్క మూల దగ్గర ఆగిపోయాడు.

పైన రేకు చీలి ఉంది. కప్పు మీది మంచు ఎండకు కరిగి చుక్క చుక్కగా మూలలో పడుతోంది. పడ్డది పడ్డట్టే గడ్డకట్టి, గచ్చు మీద బోర్లించిన గిన్నెలా దిమ్మె లేచింది.

పిల్లలు గుండ్రంగా తిరుగుతున్నారు. ఆ మూల దగ్గరికి రాగానే ప్రతివాడూ లోపలికి ఒంపు తిరిగి పోతున్నాడు. ఎవరూ కిందికి చూడట్లేదు, ఆలోచించట్లేదు. కుర్చీ పట్టుకుని స్కేటింగ్ నేర్చుకుంటున్న చిన్నపిల్ల ఒకతె అక్కడికి వచ్చింది. కుర్చీ కూడా ఒంపు తిరిగింది.

రింకు చూసుకునే షర్లీ పార పట్టుకుని వచ్చింది. అరవై దాటి ఉంటాయి.

"ఏం వెతుకుతున్నావయ్యా? ఏమన్నా పారేసుకున్నావా?"

"ఈ దిమ్మె ఎన్నాళ్ళ నుంచి?"

"మా చిన్నోడు పుట్టక ముందు నుంచీ. వాడికిప్పుడు ముగ్గురు పిల్లలు. కప్పు వేయిస్తామని ప్రతి ఎన్నికకీ ఒకడు వస్తాడు. నువ్వూ ఆ బాపతేనా?"

"కాదు. హాకీవాణ్ణి."

"అయితే ఆ మూలకి పోకు. మా తమ్ముడు అక్కడే కాలు విరగ్గొట్టుకున్నాడు. పుక్ అందులో పడితే వదిలెయ్యాలి. చుట్టూ తిరిగి గోల్ వెనక్కి దానంతటదే వస్తుంది. నడక రాగానే మా పిల్లలకి నేర్పేది అదే."

ఓరెస్ట్ టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. గేటు నుంచి రెండో చివరిదాకా పోయి, అక్కడి మూలలు చూసి తిరిగొచ్చాడు. అవి నున్నగా ఉన్నాయి.

మేం బయల్దేరేవేళకు జోనస్ వచ్చాడు. చేతులు చేపల వాసన. ఓరెస్ట్ అడిగాడు. "సాస్కటూన్‌లో గేటు పక్క మూలకి నువ్వెందుకు పోలేదు?"

కుర్రాడు తెల్లబోయాడు. "పోలేదా?"

"ఒక్కసారి కూడా."

షెడ్డు వైపు చూశాడు. నెమ్మదిగా నవ్వు వచ్చింది. "అయ్యో. అక్కడ కప్పు బాగానే ఉంటుంది కదా తాతా."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీరడగలేదు. అడిగినా, పోవట్లేదని నాకే తెలీదు."

వెనక్కి వచ్చేటప్పుడు, అడవి దాటాక, ఓరెస్ట్ ఒకటే మాట అన్నాడు. "పుక్ పోతే కోల్బీ జనం వైపు చూస్తాడు. నాకు చాన్నాళ్ళ నుంచి తెలుసు."

జట్టు మేనేజరు గార్త్ నీల్సన్ ట్రాక్టర్ల డీలరు. గొంతు పెద్దది, మనసు చెడ్డది కాదు. విషయం విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"కప్పు కారిందా? ఓరెస్టూ, గెలవడానికి గోల్స్ కావాలి. డిఫెన్స్ చూడ్డానికి ఎవడన్నా టికెట్ కొంటాడా?"

"పోయినేడు మన మీద ఎన్ని గోల్స్ పడ్డాయి?"

"ఆ సంగతి ఎత్తకు, ఇప్పుడే భోంచేశాను."

"ఫార్వర్డ్ ఒకడు తప్పిపోతే ఇంకొకడు దొరుకుతాడు. వీడిలాంటివాడు పదేళ్ళకొకడు వస్తాడు. వచ్చేదాకా మనం ఉంటామో ఉండమో."

"పోయిన నెల పిరికివాడన్నావు."

"తప్పు చెప్పాను."

గార్త్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "కోల్బీ మీ పక్కింటి కుర్రాడే కదా. ఏబ్ నీతో కలిసి విత్తుతాడు."

"అవును."

"సరే. పేరు నువ్వే పిలువు. నేను మైకు పట్టుకోను. ఆ ముసలాయన ముఖం నేను చూడలేను."

డ్రాఫ్ట్‌కు ముందు వారంలో ఓరెస్ట్ రెండుసార్లు ఏబ్ ఇంటి దారి పట్టి గేటు దగ్గర నుంచే వెనక్కి తిరిగాడు. మూడోసారి నన్ను వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళాడు. ఏబ్ షెడ్డులో గొర్రుకు గ్రీజు పెడుతున్నాడు. మమ్మల్ని చూసి చేతులు తుడుచుకుని, మూలలో ఉన్నది తెచ్చి చూపించాడు. దళసరి మెత్త, పాత దుప్పటి మడిచి తనే కుట్టినది.

"మీ బెంచీలు రాళ్ళు. నా నడుముకి పడవు. ఇది రెండు మడతలు, నువ్వొచ్చి పక్కన కూర్చున్నా సరిపోతుంది. నువ్వెలాగూ కూర్చోవనుకో."

ఓరెస్ట్ మెత్త చేతిలోకి తీసుకున్నాడు. కుట్టు మీద వేలు పోనిచ్చాడు. నోరు తెరిచాడు.

"నేల ఎప్పుడు ఆరుతుందంటావ్?" అన్నాడు.

"గాలి ఇలాగే వీస్తే ఆదివారానికి."

"అయితే సోమవారం మొదలుపెడదాం."

"ముందు నాది. నీ పల్లం ఇంకా తడి."

బయటికి వచ్చాక నేను అడిగాను. "చెప్పలేదేం?"

"చెప్పడానికే వచ్చాను" అన్నాడు. "కాళ్ళు వచ్చాయి, నోరు రాలేదు."

ఆదివారం సిటీ హోటల్లో డ్రాఫ్ట్. తలిదండ్రులు, తాతలు, మెడ బిగిసిన చొక్కాల్లో కుర్రాళ్ళు. ఏబ్ టై కట్టుకున్నాడు. కోల్బీ పక్కన నిటారుగా కూర్చున్నాడు. జోనస్ వాళ్ళు వెనక వరసలో ఉన్నారు. షర్లీ కూడా వచ్చింది. ఊళ్ళోవాళ్ళు ఒక వ్యాను నింపుకుని వచ్చారు.

మొదటి పేరు, రెండో పేరు అయిపోయాయి. ఓరెస్ట్ మైకు దగ్గరికి నడిచాడు. టోపీ లేదు, లవర్న్ తీయించింది. అయినా బొటనవేలు నుదుటి దాకా వెళ్ళి, ఏమీ దొరక్క దిగింది. ఏబ్ సగం లేచాడు. మనవడు లేచి ముందుకు వెళ్ళడానికి దారిస్తూ మోకాళ్ళు జరిపాడు.

"గ్రేలింగ్ లేక్ నుంచి," అన్నాడు ఓరెస్ట్. "డిఫెన్స్. జోనస్ మోరిన్."

వెనక వరసలో కేకలు లేచాయి. హాలంతా అటు తిరిగింది. ఓరెస్ట్ ఒక్కడే ఏబ్ వైపు చూశాడు. ఏబ్ సగం లేచినవాడు అలాగే కాసేపు ఉండిపోయి, కూర్చున్నాడు. ఏదో పడిపోయిందన్నట్టు కింద చూశాడు.

తర్వాతి వంతులోనే కోల్బీని పిలిచారు. కొండల అవతలి జట్టు. కారులో ఒక పగలూ, ఇంకో పగలులో సగమూ పట్టే దూరం. కుర్రాడు వాళ్ళ టోపీ పెట్టుకుని నవ్వాడు. ఏబ్ చప్పట్లు కొట్టాడు.

బయట, కార్లు ఆపిన చోట, ఓరెస్ట్ వాళ్ళకు అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు.

"ఏబ్."

"సీట్లు చూసుకోమన్నావు."

"అన్నాను. తప్పు చేశాను."

"ఆ కుర్రాడు అంత బాగా ఆడతాడా?"

"ఆడతాడు."

"మావాడికన్నా?"

ఓరెస్ట్ పక్కకు చూడలేదు. "అవును."

కోల్బీ తాత మోచెయ్యి పట్టుకున్నాడు. "పద తాతా. చలేస్తోంది."

"చలెక్కడుందిరా" అన్నాడు ఏబ్. కానీ వెళ్ళి కారెక్కాడు.

దారిలో ఓరెస్ట్ నాతో అన్నాడు. "ముందే చెప్పుంటే నన్ను తిట్టేవాడు. తిట్టడానికి వారం రోజులన్నా ఉండేవి వాడికి." మళ్ళీ అన్నాడు. "డిఫెన్సే సరైంది." మళ్ళీ కిటికీ దించాడు. ఇల్లు చేరేదాకా ఈ రెండు మాటలూ ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున లవర్న్ నాకు ఫోన్ చేసింది. "ట్రక్కు తీసుకుపోయాడు. కాఫీ కూడా తాగలేదు. వెళ్ళి చూడవూ, ఏబ్ ఈయన మీదికి ట్రాక్టరు తోలేస్తాడేమో."

నేను వెళ్ళేసరికి ఏబ్ అప్పటికే విత్తుతున్నాడు. గింజలు తనే చేత్తో బస్తాల్లోంచి పోసుకున్నట్టుంది, చాళ్ళ మొదట్లో ఖాళీ బస్తాలు పడి ఉన్నాయి. ఓరెస్ట్ ట్రక్కు గట్టున ఆపి పక్కన నిలబడి ఉన్నాడు. అటూ ఇటూ నడవట్లేదు. నేను కారు ఆపాను గాని దిగలేదు.

ట్రాక్టరు మా ముందు నుంచి పోయింది. ఏబ్ తల తిప్పలేదు. వెనక దుమ్ము, దాని వెనక కాకులు. పొలం చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చింది. మళ్ళీ పోయింది. ఓరెస్ట్ కదల్లేదు. ఎండ పైకి వచ్చింది.

పెట్టె ఖాళీ అయి ఉంటుంది. ఈసారి ట్రాక్టరు నెమ్మదించి, ట్రక్కు పక్కన ఎప్పుడూ ఆగే చోట ఆగింది. ఇంజను ఆపలేదు. ఓరెస్ట్ ట్రక్కెక్కి, గింజలు పోసే గొట్టాన్ని పెట్టె మీదికి తిప్పి వదిలాడు. గోధుమలు రాలిన చప్పుడు మాత్రం ఉంది. నిండాక గొట్టం వెనక్కి తిప్పి, దిగి నిలబడ్డాడు.

ఏబ్ కిటికీ అద్దం కాస్త జరిపాడు. ఎదురుగా చూస్తూనే అన్నాడు.

"గొర్రుకి ఎడమవైపు చివర గొట్టం పూడుకుపోయింది. ఆ చాలులో గింజ పడట్లేదు. పొద్దుట్నుంచీ."

అంతే. అద్దం మూసేశాడు.

ఓరెస్ట్ గొర్రు ఎడమ చివరకు వెళ్ళాడు. టోపీ తీసి గొర్రు మీద పెట్టి, నేల మీద వెల్లకిలా పడుకుని, చెయ్యి గొట్టంలోకి పోనిచ్చి మట్టి తీయడం మొదలుపెట్టాడు.